మర విప్పితే తెలుస్తుంది

తీగల బల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గురించి ఒక్క పేరా రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే మన ఇళ్ళలో అటకల మీదా మంచాల కిందా ఇన్ని ఎలక్ట్రిక్ గిటార్లు దాక్కుని ఉన్నాయా అని ఆశ్చర్యం వేసింది. సగం మంది అడిగింది ఒకటే: "మా దగ్గరున్నది అసలుదా, రీఇష్యూనా?" ఈసారి చోటంతా ఆ ప్రశ్నకే.

సంగతి తెలియనివారికి ముందు నాలుగు మాటలు. స్ట్రాటోకాస్టర్, ముద్దుగా స్ట్రాట్, 1954లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో పుట్టింది. దాన్ని చేయించిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేస్తూ పైకి వచ్చిన మనిషి. గిటారు వాయించడం ఆయనకు రాదు. మా నాన్నగారిది కూడా రేడియో రిపేరు దుకాణమే కాబట్టి లియో మీద నాకు కొంత పక్షపాతం ఉంది, మన్నించండి. 1965 జనవరిలో ఆయన కంపెనీని అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్‌కు కోటీ ముప్ఫై లక్షల డాలర్లకు అమ్మేశారు. తర్వాత పనితనం పలచబడిందని వాయించేవాళ్ళు పాత గిటార్ల వెంట పడ్డారు. చివరికి 1982లో కంపెనీ తానే తన పాత మోడళ్ళను పాత తీరులో మళ్ళీ చేయడం మొదలుపెట్టింది. అవే రీఇష్యూలు. పుస్తకాలవాళ్ళ భాషలో మలిముద్రణలు. మలిముద్రణ దొంగ పుస్తకం కాదు. దానికి తొలి ముద్రణ అట్ట తొడిగి అమ్మినప్పుడే పేచీ.

*

*మాస్టారూ, మా మేనల్లుడు జపాన్ నుంచి వస్తూ ఒక స్ట్రాట్ తెచ్చాడు. వెనక ఇనుప ప్లేటు మీద జేవీ అనే అక్షరాలు, తర్వాత ఐదు అంకెలు ఉన్నాయి. పక్కింటి అబ్బాయి ఫోనులో చూసి ఇది 1962 నాటిదని, లక్షలు పలుకుతుందని అంటున్నాడు. నమ్మవచ్చా?*
*— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు*

1962 అన్నది మోడల్ పేరు, పుట్టిన సంవత్సరం కాదు. మీ గిటారు 1982కూ 1984కూ మధ్య పుట్టింది. జేవీ అంటే జపాన్ వింటేజ్. 1982 మార్చిలో ఫెండర్ జపాన్ సంస్థ ఏర్పడింది. అందులో కాండా షోకాయ్, యామానో గక్కి అనే రెండు జపాన్ వ్యాపార సంస్థలు భాగస్వాములు. తయారీ మాత్రం నగానో ప్రాంతంలోని మట్సుమోటోలో, ఫుజిజెన్ కర్మాగారంలో. అప్పటికి తోకాయ్, గ్రెకో లాంటి జపాన్ బ్రాండ్లు పాత స్ట్రాట్‌కు అచ్చుగుద్దినట్టు నకళ్ళు చేసి తక్కువ ధరకు అమ్ముతున్నాయి. వాటితో పోటీ పడాలంటే జపాన్‌లోనే చేయించడం మేలని ఫెండర్‌కు తోచింది. ఆ ఆలోచనకు పుట్టిన మొదటి కాన్పే ఈ జేవీలు.

కాబట్టి నిరాశ పడనక్కర్లేదు. జేవీలకు వెతుక్కుంటూ వచ్చే గిరాకీ ఉంది. వాటిలోనూ మెట్లున్నాయి. ఆ కాలపు జపాన్ కేటలాగుల్లో ఎస్‌టీ62-115, ఎస్‌టీ57-85 లాంటి సంకేతాలు కనిపిస్తాయి. ముందున్న అంకె ఏ సంవత్సరపు మోడల్‌కు అనుకరణో చెబుతుంది. వెనకున్నది ధర, వేల యెన్‌లలో. అంటే 115 అని ఉంటే లక్షా పదిహేను వేల యెన్లు. కిరాణా కొట్టు చీటీలా ఇంత సూటిగా ధరనే పేరుగా పెట్టిన పద్ధతి నాకు భలే నచ్చుతుంది. 115 రకానికి పలచని లక్కర్ పూత, అమెరికాలో చేసిన పికప్‌లు (తీగల కదలికను విద్యుత్తుగా మార్చే భాగాలు). కింది రకాలకు ప్లాస్టిక్ లాంటి మందపాటి పాలీ పూత.

గిటారు తల (తీగలు బిగించే చోటు) చివర కూడా చూడండి. అక్కడ చిన్న అక్షరాలతో స్క్వయర్ సిరీస్ అని ఉంటే అది ఎగుమతి కోసం తక్కువ ధరకు చేసినది. స్క్వయర్ అనేది మిషిగన్‌లో తీగలు చేసే పాత కంపెనీ పేరు. ఫెండర్ దాన్ని 1965లో కొని, పేరును చాలా ఏళ్ళు మూల పడేసి, 1982లో దుమ్ము దులిపింది. తొలి విడతల్లో ఫెండర్ అన్న పేరు పెద్దగా, స్క్వయర్ చిన్నగా ఉండేవి. తర్వాత స్క్వయర్ పెద్దదయింది. చిన్న స్క్వయర్ వాటికే సేకరణకర్తలు ఎక్కువ ఎగబడతారు.

అయితే ఇదంతా ప్లేటు నమ్మి చెబుతున్న మాట. ప్లేటు నాలుగు మరల మీద నిలబడిన ఇనుపముక్క. ఐదు నిమిషాల్లో మార్చవచ్చు. ఆ సంగతి నాకు సొంత డబ్బుతో తెలిసింది. చాలా ఏళ్ళ కిందట ఒక అమ్మకందారు దగ్గర జేవీ అని చెప్పిన గిటారు కొన్నాను. ప్లేటు సరైనదే, నెక్ (వేళ్ళు నడిచే పొడుగాటి మెడ) సరైనదే. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి తీగలు వదులు చేసి, నాలుగు మరలూ తీసి నెక్‌ను మెల్లగా పైకి లేపాను. బాడీ గాడిలో పాత రంధ్రాల్లో పుల్లలు కొట్టి, జిగురు పోసి, పక్కన కొత్త రంధ్రాలు తొలిచి ఉన్నాయి. ఆ బాడీ వేరే ఏదో గిటారుది. గాడి అడుగున ఎత్తు సరిచేయడానికి ఎవరో మడిచిపెట్టిన పెళ్ళి శుభలేఖ ముక్క కూడా దొరికింది. వరుడి పేరులో సగం కనిపిస్తోంది. డబ్బు పోయిందని బాధపడుతూనే ఆ పెళ్ళి ఎవరిదా అని చాలాసేపు ఆలోచించాను.

మీరూ అదే చేయండి. మరకు సరిగ్గా అతికే స్క్రూడ్రైవర్ వాడండి, లేకపోతే తల అరిగి, తర్వాత కొనేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. నెక్ మడమ (బాడీ గాడిలో కూర్చునే చివర) మీద, గాడిలో ఉన్న ముద్రలన్నిటికీ ఫొటో తీసి పంపండి. అప్పుడు మాట్లాడుకుందాం.

*

*నమస్కారం. నా గిటారు నంబరు వీ అక్షరంతో మొదలై ఆరు అంకెలుంది. అమెరికా వింటేజ్ రీఇష్యూలకే వీ ఉంటుందని చదివి సంబరపడ్డాను. మా స్నేహితుడు మాత్రం జపాన్‌దే అంటున్నాడు.*
*— ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి*

మీ స్నేహితుడి మాట నిజం కావచ్చు. నంబరు ఎక్కడుందో మీరు రాయలేదు. జవాబు అక్కడే ఉంది. అమెరికా వింటేజ్ వరుసలో వీ నంబరు వెనక ప్లేటు మీద ఉంటుంది. జపాన్‌లో 1996, 97 సంవత్సరాల్లో వాడిన వీ నంబరు నెక్ వెనక, బాడీని కలిసే చోట, మేడ్ ఇన్ జపాన్ అన్న మాటల పక్కన ఉంటుంది. అక్షరం ఒకటే, ఊళ్ళు వేరు.

ఇలాంటి తికమకలు ఇంకా ఉన్నాయి. ఈ (E) అక్షరం జపాన్‌లో 1984 నుంచి 87 దాకా నడిచింది. అదే ఈ అక్షరం అమెరికాలో ఆ దశాబ్దపు మామూలు గిటార్ల తల మీద కనిపిస్తుంది. ఏ (A) అక్షరం జపాన్‌లోనే రెండుసార్లు వచ్చింది: 1985-86లో ఒకసారి, 1997-98లో మరోసారి. రెండోసారి దాని పక్కన మేడ్ ఇన్ జపాన్‌కు బదులు క్రాఫ్టెడ్ ఇన్ జపాన్ అని ఉంటుంది. మాట మారడానికి కారణం కర్మాగారం మారడం. తొలి రోజుల ఫుజిజెన్ పని అయిపోయి తయారీ వేరే చేతుల్లోకి వెళ్ళింది. క్రాఫ్టెడ్ అనగానే నాసిరకమని ముఖం చిట్లించేవాళ్ళున్నారు. నా బల్ల మీదికి వచ్చిన వాటిలో అలా అనదగ్గవి తక్కువ.

*

*అయ్యా, ఇక్కడ ఒకాయన 57 మోడల్ అమెరికన్ రీఇష్యూ అమ్ముతున్నాడు. ఇది "ఫుల్లర్టన్"ది అంటూ మామూలు ధరకు సగం మళ్ళీ కలిపి అడుగుతున్నాడు. ఆ ఒక్క మాటకు అంత విలువ ఉందా? ఎలా తేల్చుకోవాలి?*
*— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్, న్యూజెర్సీ*

విలువ ఉంది. దానికి కారణం చెక్క కన్నా చరిత్రే ఎక్కువ. 1981లో యమహా నుంచి బిల్ షుల్ట్జ్, డాన్ స్మిత్ అనే ఇద్దరు ఫెండర్‌కు వచ్చారు. కంపెనీ పరువు నిలబెట్టాలంటే పాత పనితనాన్ని మళ్ళీ చూపించక తప్పదని వాళ్ళకు అర్థమైంది. 57 స్ట్రాట్, 62 స్ట్రాట్, 52 టెలికాస్టర్ (ఫెండర్‌దే మరో గిటారు) రీఇష్యూలు ఆ పట్టుదలతో వచ్చినవే. అసలు గిటార్లు పుట్టిన ఫుల్లర్టన్‌లోనే ఇవీ తయారయ్యాయి. కానీ ఆ ముచ్చట 1984తో సరి. 1985లో షుల్ట్జ్ బృందం సీబీఎస్ నుంచి కంపెనీని కోటీ పాతిక లక్షల డాలర్లకు కొనుక్కుంది. ఇరవై ఏళ్ళ తర్వాత సీబీఎస్ కొన్న ధర కన్నా తక్కువకు అమ్మిందన్నమాట. ఆ బేరంలో పేరు వచ్చింది, ఫుల్లర్టన్ కర్మాగారం రాలేదు. కొత్త యాజమాన్యం దగ్గరలోని కరోనా అనే ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టింది. (ఊరి పేరే అది. 2020 తర్వాత ఆ మాట రాసినప్పుడల్లా వివరణ ఇవ్వాల్సి వస్తోంది.)

అందుకే 1982-84 నాటి వాటికి అంత గిరాకీ. ఇక తేల్చుకోవడం. వీ నంబరు చిన్నదైతే ఫుల్లర్టన్, పెద్దదైతే కరోనా అని ఎవరైనా చెబితే వినకండి. ప్లేట్లు డబ్బాలోంచి చేతికందింది తీసి బిగించినవి, వరుస నమ్మలేం. నెక్ మడమ మీది తేదీయే సాక్ష్యం. అమ్మే ఆయన్ని మర్యాదగా అడగండి: "మీ ముందే నెక్ విప్పుదామా?" ఒప్పుకుంటే బేరం సాగించండి. కుదరదంటే టీ తాగి వచ్చేయండి.

57కూ 62కూ తేడా మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అయినా బేరంలో పనికొస్తుందని చెబుతున్నాను. 57 నెక్ అంతా మేపుల్ చెక్క, ఫ్రెట్ బోర్డు (ఫ్రెట్లు, అంటే మెట్లు, బిగించే పలక) అని విడిగా ఉండదు. ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే లోహపు కడ్డీ) వెనకనుంచి దూర్చి, పైన ముదురు రంగు చెక్క పట్టీ అతికిస్తారు. పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) ఒకే పొర తెల్లది, ఎనిమిది మరలు. 62కు రోజ్‌వుడ్ బోర్డు, మూడు పొరల లేత ఆకుపచ్చఛాయ పిక్‌గార్డ్, పదకొండు మరలు. రెండింటికీ ఫ్రెట్లు ఇరవై ఒకటే. ఇరవై రెండుంటే, ట్రస్ రాడ్ మర తలవైపు కనిపిస్తే, అది 1987లో వచ్చిన అమెరికన్ స్టాండర్డ్ వంశానిది. దాన్ని వింటేజ్ అని అమ్మేవాడు అమాయకుడైనా అయి ఉండాలి, గడుసువాడైనా అయి ఉండాలి.

ఒక చిన్న చిట్కా: పెట్టెలో ఏమేమున్నాయో అడగండి. అసలు స్ట్రాట్‌కు 1977 దాకా పికప్‌లను ఎంచుకోవడానికి మూడు స్థానాల స్విచ్చే ఉండేది. రెండు పికప్‌ల మధ్య స్వరం కావాలనుకున్నవాళ్ళు స్విచ్‌ను రెంటికీ నడుమ జాగ్రత్తగా నిలబెట్టి వాయించేవాళ్ళు. రీఇష్యూల్లో పాత ముచ్చట కోసం మూడు స్థానాలదే బిగించి, ఐదు స్థానాలది విడిగా పెట్టెలో పెట్టి ఇచ్చిన కాలం ఉంది. ఆ చిన్న పొట్లం ఇప్పటికీ విప్పకుండా ఉంటే గిటారు ఎక్కువ చేతులు మారలేదని అనుకోవచ్చు.

*

*గురువుగారూ, నేను కర్ణాటక సంగీతం గిటారు మీద సాధన చేస్తున్నాను. ఈ మధ్య కొన్న 62 రీఇష్యూలో పై స్థాయిలో తీగ లాగి గమకం పలికించబోతే స్వరం మధ్యలోనే చచ్చిపోతోంది. నాకు చెడిపోయిన గిటారు అంటగట్టారా?*
*— సంగీత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం*

లేదమ్మా. గిటారు నిక్షేపంలా ఉంది, తన కాలం నాటి పద్ధతిలోనే ఉంది. పాత స్ట్రాట్ ఫ్రెట్ బోర్డు అడ్డంగా చూస్తే బాగా గుండ్రం. ఏడుంపావు అంగుళాల వ్యాసార్ధపు వృత్తంలోంచి తెంపిన ముక్క అనుకోండి. కార్డ్‌లు (ఒకేసారి పలికించే స్వరాల గుత్తులు) పట్టుకోవడానికి చేతికి హాయిగా ఉంటుంది. కానీ తీగను పక్కకు లాగితే అది ఆ గుండ్రం మీదుగా కొండ ఎక్కుతూ పోయి, పై ఫ్రెట్‌ను తాకి ఆగిపోతుంది. వీణలో మెట్లు తీగకు సమంగా, ఎత్తుగా ఉంటాయి కాబట్టి మీ వేలికి ఈ ఇబ్బంది తెలియదు.

రెండు దారులు. తీగల ఎత్తు కొద్దిగా పెంచండి, సగం బాధ తీరుతుంది. లేదా రీఇష్యూలలోనే బోర్డు చదునుగా ఉన్నది చూసుకోండి. 2018లో వచ్చిన అమెరికన్ ఒరిజినల్ వరుస పేరుకు పాతదే గానీ బోర్డు తొమ్మిదిన్నర అంగుళాలది, ఫ్రెట్లూ ఎత్తు. 2022లో దాని తర్వాత వచ్చిన అమెరికన్ వింటేజ్ టూ వరుస మళ్ళీ ఏడుంపావుకు పోయింది. ఏ వరుసో తెలియకపోతే ఈ గుండ్రమే గుర్తు. గట్టి అట్ట మీద వృత్తలేఖినితో రెండు వ్యాసార్ధాలూ గీసి కత్తిరించి, తీగల కింద పెట్టి చూడండి, ఏది కుదురుతుందో కంటికే తెలుస్తుంది. బోర్డును చదునుగా గీయించేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, మళ్ళీ అమ్మేటప్పుడు గుండె జారుతుంది.

మన పాలకొల్లు బిడ్డ యు.శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ చేతబట్టి, జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకుని తన గమకాలకు తగ్గట్టు వాద్యాన్నే మార్చుకున్నారు. ఆయన రీఇష్యూలు సేకరించలేదు. మీరు సేకరించాలా వాయించాలా అన్నది ముందు తేల్చుకుంటే గిటారు ఎంపిక తేలిక.

*

*మా ప్రాంతంలో స్థిరపడిన ఒక వృద్ధుడు 1963 నాటి అసలైన స్ట్రాట్ అమ్ముతానంటున్నారు. ప్లేటు మీద ఎల్ అక్షరం, ఐదు అంకెలు. ఆయన మాట మంచిదే, కానీ మధ్యలో ఎవరైనా రీఇష్యూ భాగాలు కలిపి ఉంటారేమోనని భయం.*
*— వైద్యుడు, లండన్*

ఈ నెల ఉత్తరాలన్నిటిలో నా చేయి దురద పెట్టింది దీనికే. డాక్టరుగారూ, పైపైన చూసి రోగం చెప్పమని మిమ్మల్ని అడిగితే మీరేమంటారో నేనూ అదే అంటాను: లోపల చూడాలి.

ఎల్ ప్లేట్లు సుమారు 1962 చివరినుంచి 65 దాకా వాడారు. అది మొదటి పొంతన మాత్రమే. నెక్ విప్పండి. 1962 మొదట్లో పెన్సిల్ తేదీలు పోయి సిరా ముద్రలు వచ్చాయి. మీ దానిపై ముందు ఒక మోడల్ అంకె, తర్వాత నెల, సంవత్సరం, చివర నెక్ వెడల్పు చెప్పే ఒక అక్షరం ఉండాలి. ముద్ర చెక్క నారలోకి ఇంకినట్టు కాస్త అలుక్కుని ఉంటుంది. గాడిలో రంగు చూడండి. అప్పట్లో బాడీకి రంగు కొట్టేటప్పుడు పట్టుకోవడానికి నెక్ గాడిలో ఒక కర్రముక్క బిగించేవాళ్ళు. అది ఉన్న మేర రంగు పడక, కర్ర నీడలా చెక్క బోసిగా మిగిలిపోతుంది. గాడి అంతా చక్కగా రంగు నిండి ఉంటే బాడీకి తర్వాత రంగు మార్చారనుకోవాలి. రంగు మార్చిన అసలు గిటారు ధర దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

తర్వాత పిక్‌గార్డ్ ఎత్తండి. కింద చెక్కలో మూడు పికప్‌లకు మూడు విడి గుంతలు ఉండాలి. ఒకే పెద్ద చెరువులా తవ్వి ఉంటే అది 80ల చివర వచ్చిన పద్ధతి. పికప్ అడుగు బిళ్ళలు నలుపు. బూడిదరంగు 1964లో వచ్చింది. ఇక నాకు ఇష్టమైన భాగం, పాట్ల (శబ్దం, స్వరం మార్చే గుండీల కింది భాగాల) వెనక గుద్దిన అంకెలు. 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ, 137 అంటే సీటీఎస్. ఆ తర్వాతి నాలుగు అంకెల్లో మొదటి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. 3046312 అని ఉంటే 1963లో పన్నెండో వారం. పాట్ తేదీ నెక్ తేదీకి కొద్ది నెలలు ముందుండటం సహజం. వెనక ఉంటే సందేహించండి. టంకం చూడండి. అరవై ఏళ్ళ టంకం మసకబారి, బూడిద పూసినట్టుంటుంది. మెరుస్తూ కొత్త చుక్క కనబడితే ఎవరో చేయి పెట్టారన్నమాట. చేయి పెట్టడం నేరం కాదు, చెప్పకపోవడం నేరం.

పిక్‌గార్డ్ మీద ఇంకో మాట. అప్పటివి సెల్యులాయిడ్. తెల్లగా పుట్టి కాలక్రమంలో లేత ఆకుపచ్చఛాయకు తిరిగాయి. రీఇష్యూలవి ఆ ముసలి రంగుతోనే కర్మాగారంలోంచి వస్తాయి. సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుపుతారు. అంచును బొటనవేలితో వేడెక్కేదాకా గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకోండి, సన్నగా దేవుడి గది వాసన వస్తుంది. కొత్త ప్లాస్టిక్‌కు ఆ వాసన రాదు. రుద్దడం వరకే సుమా. కర్పూరంలాగే అదీ భగ్గున అంటుకుంటుంది, అగ్గిపుల్లతో పరీక్షలు వద్దు.

చివరగా, ఆ కాలపు బోర్డు బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే దేశం దాటించడానికి అనుమతి పత్రాలు కావాలి. 1992 నుంచి అంతరించిపోయే జాతుల జాబితాలో దానిది అత్యంత కఠినమైన స్థానం. సెలవుల్లో ఇండియాకు తెచ్చి అమ్మానాన్నలకు చూపించాలన్న ఆలోచన ఉంటే ముందు ఆ కాగితాల సంగతి చూసుకోండి.

*

*బడ్జెట్ తక్కువ. మొదటి రీఇష్యూ ఏది కొనాలి?*
*— డిగ్రీ విద్యార్థిని, వరంగల్*

మెక్సికోలో చేసినవి చూడు తల్లీ. క్లాసిక్ సిరీస్ 50లు, 60ల స్ట్రాట్లు చాలా ఏళ్ళు నడిచాయి. 2019లో వాటి స్థానంలో వింటెరా వచ్చింది, 2023లో వింటెరా టూ. వాడినవి దొరికితే మరీ మంచిది.

60ల మోడల్ అయితే ఫ్రెట్ బోర్డు చెక్క చూడు. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం (అంతరించే జాతుల వ్యాపారం మీది) కింద నియంత్రించారు. ఎగుమతికి కాగితాల గొడవ ఎందుకని ఫెండర్ మెక్సికో గిటార్లకు పావ్ ఫెరో అనే వేరే చెక్క వేయడం మొదలుపెట్టింది. 2019 నవంబరు చివర ఆ నియమాన్ని పూర్తిగా తయారైన వాద్యాలకు సడలించారు, వింటెరా టూలో రోజ్‌వుడ్ తిరిగొచ్చింది. అందువల్ల చెక్కే తేదీ చెబుతుంది: ముదురు గోధుమరంగు రోజ్‌వుడ్ అయితే ముందుదో వెనకదో, కాస్త ఎరుపు తిరిగిన లేత పావ్ ఫెరో అయితే ఆ నడిమి కాలానిది. స్వరంలో తేడా ఉందని గొడవపడేవాళ్ళున్నారు. కళ్ళకు గుడ్డ కట్టి వాయించి నాకు చూపించినవాళ్ళు లేరు. నడిమి కాలంవి కాస్త తక్కువకు దొరుకుతాయి, నువ్వు దాన్నే లాభంగా చేసుకో. ఇంతకీ ఈ గిటార్లకు వాడే ఇండియా రోజ్‌వుడ్ మన అడవుల్లో పెరిగే జిట్రేగి చెట్టే.

*

*మాది బీచ్ రోడ్డుకు దగ్గర. మూడు రీఇష్యూలున్నాయి. ఉప్పుగాలికి ఏం చేయాలి?*
*— నౌకాశ్రయ ఉద్యోగి, విశాఖపట్నం*

గోడకు వేలాడదీయకండి. పెట్టెలో పెట్టి, సిలికా పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. వాయించాక తీగలనూ బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు ముక్క) మరలనూ పొడి గుడ్డతో తుడవండి. బ్రిడ్జి ఎత్తు సరిచేసే చిన్న మరలు తుప్పుపట్టి బిగుసుకుంటే వాటిని తీయడానికి నా దగ్గరకు రావాలి, నేను ఊరికే చేయను.

మీ మూడింటిలో లక్కర్ పూత ఏదో, పాలీ పూత ఏదో తెలుసుకోండి. నైట్రో లక్కర్‌కు రబ్బరు పడదు. నాకొక 62 రీఇష్యూ ఉండేది. దాన్ని మెత్తని రబ్బరు తొడుగున్న స్టాండు మీద ఒక వేసవి అంతా నిలబెట్టాను. ఆగస్టులో తీసేసరికి రబ్బరు తగిలిన రెండు చోట్లా పూత బెల్లంపాకంలా కరిగి, తొడుగుతో పాటు ఊడి వచ్చింది. స్టాండు చేసినవాళ్ళను తిట్టాను. కానీ పెట్టింది నేనే కదా. ఇప్పుడు పాత నూలు పంచె చింపి స్టాండుకు చుట్టి వాడుతున్నాను. మరొకటి: చలికాలంలో అమెరికా నుంచి వచ్చిన పెట్టెను ఆత్రంగా వెంటనే తెరవవద్దు. ఒక పూట అలాగే ఉంచితే పూత పగుళ్ళు తీయదు.

*

*కంపెనీయే గిటారును గీకి, అరగదీసి, పాతదానిలా చేసి ఎక్కువ ధరకు అమ్ముతోంది. ఇది మోసం కాదా?*
*— కడప*

రెలిక్ అంటారు. ఫెండర్ ప్రత్యేక తయారీ విభాగం, కస్టమ్ షాప్, 1995లో మొదలుపెట్టింది. మొదటి నాలుగైదేళ్ళు ఆ అరుగుదల పని మిస్సోరిలో విన్స్ క్యునెటో అనే పనివాడు చేసేవాడు, ఆ కాలంవాటికి విడిగా సేకరణకర్తలున్నారు. చెప్పి అమ్ముతున్నారు కాబట్టి మోసం కాదు. కానీ కొత్త చొక్కా మోచేతికి అతుకు వేయించుకుని కట్టుకున్నట్టుంటుంది నాకు. కొన్నాళ్ళు వాయించండి, అదే అరుగుతుంది, పైగా ఉచితం.

*

ఉత్తరాలు రాసేవారికి: గిటారు తల ఫొటో ఒక్కటే పంపి "ఏ సంవత్సరం?" అని అడగవద్దు. తల మీది పేరు తడిగుడ్డతో అంటించే స్టిక్కరు. నెక్ మడమ, నెక్ గాడి, ప్లేటు, పిక్‌గార్డ్ కింద తవ్విన గుంతలు, పాట్ల వెనక అంకెలు, ఈ ఐదూ పగటి వెలుగులో తీసి పంపండి. శుభలేఖ ముక్కలేమైనా దొరికితే వాటివీ పంపండి. వచ్చే నెల టెలికాస్టర్.